స్టార్ట్ అంటే ఉలిక్కిపడటమా, మాస్టారూ?

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మాది ఖమ్మం. ఇంటి దగ్గర ఆరు, ఏడు తరగతుల పిల్లలకి ట్యూషన్ చెప్తాను. పోయిన వారం ఒక పాత ఇంగ్లీషు కథలో ‘హి స్టార్టెడ్ ఎట్ ద నాయిస్’ అని వచ్చింది. ‘ఆ శబ్దం దగ్గర అతను మొదలుపెట్టాడు’ అని చెప్పేసి ముందుకు పోయాను. మర్నాడు ఒక పిల్లాడు డిక్షనరీ పట్టుకొచ్చి, అందరి ముందూ, ‘మేడమ్, మొదలుపెట్టలేదు, ఉలిక్కిపడ్డాడు’ అన్నాడు. పిల్లలంతా నవ్వారు. వెనకాల నన్ను ‘ట్యూబ్‌లైట్ మేడమ్’ అంటున్నారట, మా పాప చెప్పింది. ఫీజు తీసుకుని తప్పు చెప్పానే అని ఒకటే బాధ. అసలు మొదలుపెట్టడానికీ ఉలిక్కిపడటానికీ ఏం సంబంధం? బిగిన్, స్టార్ట్, కమెన్స్ మూడూ ఒకటేనా? కమెన్స్ పెద్ద మాట కదా, పరీక్షల్లో అది రాయమనొచ్చా? ఆ పిల్లాడి ముందుకి మళ్లీ ఎలా వెళ్లాలో తెలియక టెన్షన్‌గా ఉంది. ఇంకొకటి, మా పాప అడగమంది: స్టార్‌కి ‘టి’ తగిలిస్తే స్టార్ట్ అయిందా?

జవాబు: అమ్మా, ముందు పిల్లాడి సంగతి తేల్చేద్దాం. వాడు చెప్పింది కరెక్టు, మీరు చెప్పింది తప్పు. రేపు క్లాసులో ఈ ముక్క ఇలాగే చెప్పేయండి. ‘ఆ రోజు తలనొప్పిగా ఉండి’ అనో, ‘అలా కూడా అనొచ్చు కానీ’ అనో తోకలు తగిలించకండి. పిల్లలు తప్పుని క్షమిస్తారు, తోకని క్షమించరు. పైగా ఏడో తరగతి పిల్లాడు ఇంటికెళ్లి తనంతట తాను డిక్షనరీ తీశాడంటే, మీ ట్యూషన్‌లో ఏదో మంచే జరుగుతోంది.

ఇక మాట సంగతి. స్టార్ట్ పుట్టుకతోనే ఉలికిపాటు. మొదలుపెట్టడం దానికి చాలా ఆలస్యంగా అబ్బిన అర్థం. మీరు వాకిట్లో మనవణ్ని చూసి ఇంటి యజమాని అనుకున్నారు, తాతగారు లోపలి గదిలో ఉన్నారు. అంతే జరిగింది.

వెయ్యేళ్ల నాటి ఇంగ్లీషులో దీని రూపం ‘స్టిర్టన్’. ఎగిరి దూకడం, గెంతడం అని అర్థం. జర్మన్‌లో దీని చుట్టం ‘ష్టుర్ట్‌సెన్’ ఇంకా బతికే ఉంది. దబ్బున కింద పడటానికీ, ఒక్కుదుటన మీదికి దూసుకెళ్లడానికీ ఆ మాట వాడతారు. డచ్చి వాళ్ల ‘స్టోర్టెన్’ కుప్పకూలడానికీ, గుమ్మరించడానికీ పనికొస్తుంది. ఈ చుట్టాల్లో ఎవరి దగ్గరా ‘ప్రారంభం’ వాసన లేదు. అందరి దగ్గరా ఉన్నది ఒక్క కుదుపు.

14వ శతాబ్దంలో ఇంగ్లీషు కవి చాసర్ రాసిన కథల్లో మనుషులు ‘అప్ స్టిర్ట్’ అవుతూ ఉంటారు. దాన్ని తెలుగులో పెట్టాలంటే నా దగ్గర ఒకే మాట ఉంది: దిగ్గున లేచారు. ‘లేచారు’ అంటే చాలదు, ఆ ‘దిగ్గున’ ఉండాలి. అసలు మాట బరువంతా దాని మీదే ఉంది. 1600 ప్రాంతంలో షేక్‌స్పియర్ హామ్లెట్ రాసేనాటికి కూడా ఇదే అర్థం నిండుగా ఉంది. మొదటి అంకంలో కోటగోడ మీద దెయ్యం కనిపిస్తుంది. ఏదో చెప్పబోతుంది, ఇంతలో కోడి కూస్తుంది. అప్పుడది తప్పు చేసి దొరికిపోయినవాడిలా ‘స్టార్ట్’ అయిందని చూసినవాడు చెప్తాడు. కోడి కూస్తే దెయ్యం ఉండదని మన పల్లెల్లో ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు కదా. ఈ ఒక్క సన్నివేశం మీ పిల్లలకి చెప్పండి, లైట్లు ఆర్పేసి మరీ చెప్పండి. ఇక జన్మలో మరిచిపోరు.

‘స్టార్టిల్’ అనే ఇంకో మాట ఉంది, ఉలిక్కిపడేలా చేయడం. స్టార్ట్‌కి తోబుట్టువు. దాని పాత రూపానికి అర్థం కాళ్లు తన్నుకోవడం, గింజుకోవడం. మన మోటార్‌సైకిల్‌కి కిక్ కొట్టి స్టార్ట్ చేసేటప్పుడు ఈ తన్నడం గుర్తొచ్చి నాకు నవ్వొస్తుంది. అది వట్టి కాకతాళీయమే అనుకోండి, కానీ పిల్లలకి బాగా అంటుకుంటుంది.

మరి ఉలికిపాటు కాస్తా మొదలుపెట్టడం ఎలా అయింది? ఇక్కడ వేటగాళ్లు వస్తారు. పొదలో నక్కిన కుందేలు అలికిడికి ఒక్క గెంతు గెంతి బయటపడుతుంది. అంటే కుందేలు స్టార్ట్ అయింది. కుక్కల్ని ఉసిగొలిపి దాన్ని పొదలోంచి గెంతించినవాడు కుందేల్ని స్టార్ట్ చేశాడు. అది గెంతిన క్షణం నుంచే వేట. గెంతు, ఆరంభం ఒకే క్షణంలో జరుగుతున్నాయి కాబట్టి మాట నెమ్మదిగా ఒకదాని మీంచి రెండోదాని మీదికి జారింది. మన దగ్గరా వేటకెళ్లేవాళ్లు ‘కుందేల్ని లేపారు’ అనే అంటారు. అదే క్రియతో ‘ఊళ్లో గొడవ లేపాడు’ అని కూడా అంటాం. కుందేలుకీ గొడవకీ ఒకటే ‘లేపడం’ సరిపోయినప్పుడు, ఇంగ్లీషువాడు కుందేలుకీ కొట్లాటకీ ఒకటే స్టార్ట్ వాడుకున్నాడని మనకి ఆశ్చర్యం ఎందుకు? పరుగు పందాలు కూడా ఒక చెయ్యి వేశాయి. గీత దగ్గర నిలబడ్డవాడు ఒక్క ఉదుటున గెంతితేనే కదా పందెం.

17వ శతాబ్దం నుంచి ఈ కొత్త అర్థం స్థిరపడటం కనిపిస్తుంది. 19వ శతాబ్దానికి ప్రయాణం కట్టడం కూడా స్టార్టే అయింది, ఇక అందులో గెంతు లేకపోయినా సరే. మీ కథ పాతదన్నారు కదా, ఆ రోజుల్లో రెండు అర్థాలూ పక్కపక్కనే తిరిగేవి. అందుకే తికమక.

గుర్తుపట్టే ఉపాయం ఒకటి చెప్తాను. స్టార్టెడ్ తర్వాత ‘ఎట్’ వచ్చి, దాని వెనక శబ్దమో, స్పర్శో, కనిపించిన వస్తువో ఉంటే అది ఉలికిపాటు. అదే ‘ఎట్ నైన్ ఓక్లాక్’ అంటే మొదలవడమే, గడియారాన్ని చూసి ఎవరూ ఉలిక్కిపడరు (పరీక్ష రోజు తప్ప). ‘విత్ ఎ స్టార్ట్’ అంటే ఎప్పుడూ ఉలికిపాటే. పాత కథల్లో ‘స్టార్టెడ్ అప్’ అంటే దిగ్గున లేవడం. కళ్లలో నీళ్లు ‘స్టార్ట్’ అయ్యాయంటే చివ్వున ఉబికాయని. కనుగుడ్లు స్టార్ట్ అయ్యాయంటే అవి బయటికొచ్చేంతగా భయపడ్డాడని. ‘బై ఫిట్స్ అండ్ స్టార్ట్స్’ అనే జాతీయంలో కూడా ఉన్నది ఈ కుదుపే. పని సాఫీగా సాగకుండా కాసేపు ఎగిరిపడి కాసేపు చతికిలబడటం.

ఈ చివరిది వివరించడానికి మీకు దేవుడిచ్చిన ఉదాహరణ ఉంది. ట్యూబ్‌లైట్! ఇంట్లో పాత రకం గొట్టం లైటు ఎక్కడైనా మిగిలి ఉంటే, దాని పట్టీకి వేలెడంత తెల్లటి డబ్బీ ఉంటుంది చూడండి. దాన్ని కరెంటు పనివాళ్ల నుంచి కిరాణా కొట్టు దాకా అందరూ స్టార్టర్ అనే అంటారు. దాని లోపల చిన్న గాజుబుడ్డి, అందులో రెండు రేకులు. స్విచ్ వేయగానే రేకులు వేడెక్కి అంటుకుంటాయి, చల్లారి విడిపోతాయి. విడిపోయిన ఆ క్షణంలో చోక్, అంటే పట్టీలో ఉండే తీగచుట్ట, ఒక పెద్ద వోల్టేజి దెబ్బ కొడుతుంది. ఆ దెబ్బకి గొట్టం ఉలిక్కిపడి వెలుగుతుంది. ఒక్క దెబ్బకి వెలగకపోతే మళ్లీ అంటుకోవడం, మళ్లీ విడిపోవడం. అందుకే ఆ మిణుకు మిణుకు. మీ పిల్లలు మీకు పెట్టిన పేరుని తీసుకెళ్లి బల్ల మీద పెట్టి, ఇదిగో స్టార్టర్, ఇదిగో స్టార్ట్, అని చూపించండి. ఆ పేరు అక్కడితో చప్పబడిపోతుంది. లేదా ముద్దుపేరుగా మిగిలిపోతుంది, అదీ మంచిదే.

యంత్రాలు వచ్చాకే స్టార్ట్‌కి ఇంత వైభవం వచ్చింది. ఇంజన్ కూడా ఒక కుదుపుతోనే కదా లేచేది. మొదట్లో కారు ముందు నిలబడి ఇనుప హ్యాండిల్ తిప్పేవాళ్లు. ఇంజన్ వెనక్కి తంతే చెయ్యి విరిగేది. 1912 మోడల్ కాడిలాక్ కార్లకి చార్లెస్ కెటరింగ్ తయారుచేసిన ఎలక్ట్రిక్ సెల్ఫ్ స్టార్టర్ పెట్టాక ఆ బాధ పోవడం మొదలైంది. మన డ్రైవర్లు ఆ ‘సెల్ఫ్ స్టార్టర్’లో అసలు ముక్క వదిలేసి కొసరు ముక్క ఉంచుకున్నారు. ‘సెల్ఫ్ కొట్టు’, ‘సెల్ఫ్ తీసుకోవట్లేదు, నలుగురూ దిగి తోయండి’. ఇంగ్లీషు వాడికి ఈ ‘సెల్ఫ్’ ఏమీ అర్థం కాదు. నా పాత స్కూటర్‌ని పొద్దున్నే ఓ పక్కకి వంచి, నిలబెట్టి, ఆరుసార్లు తన్నితే ఏడోసారి ఒళ్లంతా వణికించుకుంటూ లేచేది. స్టార్ట్ అనే మాటకి నాకు తెలిసిన అసలైన బొమ్మ అదే.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న సులువు అయిపోతుంది. ఇంజన్‌ని, మోటార్‌ని, మిషన్‌ని స్టార్ట్ చేస్తాం, బిగిన్ చేయం. ప్రయాణానికి కూడా స్టార్టే, ‘వి బిగాన్ ఫ్రమ్ ఖమ్మం’ అనకూడదు. దుకాణం పెట్టినా, కంపెనీ పెట్టినా స్టార్టే. ఒక కథ, ఒక పాఠం, ఒక సభ, ఒక వాన, ఇలాంటివాటికి రెండూ చెల్లుతాయి. బిగిన్ కాస్త నెమ్మదైన మాట, రాతలో హుందాగా ఉంటుంది. అలాగే ‘ఇట్ ఈజ్ బిగినింగ్ రెయినింగ్’ అని రెండు ‘ఇంగ్’లు పక్కపక్కన పెట్టొద్దు, ‘బిగినింగ్ టు రెయిన్’ అనాలి. పరీక్షకి ఈ మాత్రం చాలు.

‘ఐ యామ్ స్టార్టింగ్ నౌ’ అనేది మనవాళ్ల ప్రత్యేకం. బయల్దేరుతున్నాను అని మన మనసులో ఉంటుంది. 19వ శతాబ్దపు ఇంగ్లీషు నవలల్లో ఇది మామూలే, మన దేశం దాన్ని అలాగే దాచుకుంది. ఇవాళ అమెరికాలోనో లండన్‌లోనో వినేవాడు ‘ఏం స్టార్ట్ చేస్తున్నావు?’ అని ఎదురుచూస్తాడు. అక్కడ ‘లీవింగ్’ అంటే సరిపోతుంది. తప్పు అని మాత్రం పిల్లలకి చెప్పకండి, మన ఇంగ్లీషులో అది చక్కగా బతుకుతున్న మాట.

స్టార్టప్ గురించి కూడా ఒక ముక్క, ఎందుకంటే హైదరాబాద్‌లో ఈ మాట వినపడని వీధి లేదు. షేక్‌స్పియర్ నాటకం ఒకటి, 1600లో అచ్చయింది, మచ్ అడో అబౌట్ నథింగ్. అందులో విలన్ ఒక కుర్రాణ్ని చూసి కుళ్లుకుంటూ ‘ఆ కుర్ర స్టార్టప్’ అంటాడు. నిన్నగాక మొన్న పైకొచ్చి మిడిసిపడేవాడు అని తిట్టు అన్నమాట. ఇవాళ ఆ అర్థానికి ‘అప్‌స్టార్ట్’ అంటారు. నాలుగు వందల ఏళ్లలో తిట్టు కాస్తా విజిటింగ్ కార్డు మీదికి ఎక్కింది.

బిగిన్ దగ్గర ఎక్కువసేపు ఆగను. అది నేల మాట. పాత ఇంగ్లీషులో ‘బెగిన్నన్’, జర్మన్‌లోనూ డచ్‌లోనూ ఇప్పటికీ దాదాపు అదే రూపం. ‘గిన్’ అనే మూలానికి తెరవడం అనే అర్థం ఉండేదని పండితుల ఊహ. బిగిన్, బిగాన్, బిగన్ అని లోపలి అచ్చు మారుతుంది చూడండి, అది పాతకాపు అనడానికి గుర్తు.

కమెన్స్ కథ వేరు. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచారు. దొరల భాష, కోర్టు భాష ఫ్రెంచి అయిపోయింది. ఆ దారిన వచ్చినవాటిలో ఇదొకటి. దాని లోపల ఉన్నది లాటిన్ ‘ఇనిషియం’, దాని లోపల ‘లోపలికి వెళ్లడం’. ఇనిషియల్ కూడా అక్కడి నుంచే. అందుకే ఇప్పటికీ కమెన్స్‌కి కోర్టు కాగితాల కంపు పోలేదు. మీరు పెద్ద మాట అన్నారు కదా, నిజమే, పెద్ద మాటే. కానీ ‘ఐ కమెన్స్‌డ్ మై హోంవర్క్’ అని రాస్తే, ఇంట్లో భార్యని ‘వంట ప్రారంభించితివా?’ అని అడిగినట్టు ఉంటుంది. ఆవిడ వెటకారం అనుకుంటుంది. పిల్లల చేత రాయించకండి.

ఈ కమెన్స్ నన్నూ ఒకసారి పరువు తీసింది. మా మేనల్లుడు అమెరికాలో చదువుతున్నాడు. ‘మేలో కమెన్స్‌మెంట్, రాగలరా మామయ్యా’ అని మెయిల్ పెట్టాడు. కమెన్స్‌మెంట్ అంటే ఆరంభం కదా అని, ‘క్లాసులు మొదలైనప్పుడు మేమెందుకురా, పట్టా పుచ్చుకునేటప్పుడు వస్తాంలే’ అని జవాబిచ్చాను. అది పట్టా పుచ్చుకునే పండగే. ఇంగ్లీషు పాఠాలు చెప్పినవాణ్ని నేను! పాతకాలపు యూనివర్సిటీల్లో డిగ్రీ పొందడం అంటే ఆ రోజు నుంచి మాస్టర్‌గా మొదలవడమని లెక్క. ఆ పేరు అలాగే నిలిచింది. హార్వర్డ్‌లో మొదటి కమెన్స్‌మెంట్ 1642లో జరిగింది. ఇవాళ తెలుగు కుటుంబాలు ఎన్నో పట్టుచీరలు కట్టుకుని ఆ పండగలకి వెళ్తున్నాయి, కాబట్టి మీ పిల్లల తల్లిదండ్రులకి కూడా ఈ ముక్క ఎప్పుడో పనికొస్తుంది. నాకు మాత్రం ఆ వీసా ఖర్చు మిగిలింది, మేనల్లుడి అలక కూడా మిగిలింది.

ఒకే పనికి మూడు మాటలేమిటి అని పిల్లలు అడిగితే మన వంక చూడమనండి. మీ ఖమ్మంలోనే ‘పని మొదలుపెట్టారా’ అనేవాళ్లూ, ‘షురూ చేసిన్రా’ అనేవాళ్లూ ఉంటారు. శుభలేఖలోనూ శిలాఫలకం మీదా మాత్రం ‘ప్రారంభం’ అనే రాస్తారు. మొదలు మన నేల మాట. చెట్టు మొదలు అంటాం కదా, అదే. షురూ అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చింది. ప్రారంభం సంస్కృతం. అందులోని ‘రభ్’ ధాతువుకి అర్థం పట్టుకోవడం. ఆరంభించడం అంటే పని మీద చెయ్యి వేసి పట్టుకోవడం అన్నమాట. ‘నా ప్రారబ్ధం’ అని నుదురు కొట్టుకుంటామే, ఆ ప్రారబ్ధం కూడా ఈ ఇంటిదే. ప్రారంభమైపోయినది అని అర్థం. పూర్వజన్మ కర్మల్లో ఇప్పటికే ఫలం ఇవ్వడం మొదలుపెట్టేసిన వాటా. మీ పిల్లాడు డిక్షనరీతో వచ్చిన ఉదయం మీరు లోపల అనుకున్న మాట బహుశా అదే అయ్యుంటుంది.

రేపటి క్లాసుకి ఒక పని. బోర్డు మీద స్టార్ట్ ఉన్న ఆరు వాక్యాలు రాయండి. మూడింటిలో మొదలు, మూడింటిలో ఉలికిపాటు ఉండాలి. ఏది ఏదో చెప్పే పని ఆ పిల్లాడికి అప్పగించండి. చాక్‌పీస్ వాడి చేతికే ఇవ్వండి. ఏదో ఒక వాక్యం దగ్గర వాడూ తడబడతాడు. అప్పుడు మీరు నవ్వకండి.

ఇక మీ పాప ప్రశ్న. స్టార్‌కీ స్టార్ట్‌కీ చుట్టరికం లేదమ్మా. స్టార్‌కి చుట్టం మన సంస్కృత ‘తార’, రెండూ ఒకే పాత మూలం నుంచి విడిపోయాయి. కానీ ఇంగ్లీషులో ఇంకో ‘స్టార్ట్’ ఉంది, అది పూర్తిగా వేరే మాట. దాని అర్థం తోక. ఇప్పుడది ఒక పిట్ట పేరులో మిగిలింది: రెడ్‌స్టార్ట్, అంటే ఎర్రతోక. అందులో ఒక రకం చలికాలంలో మన వైపు కూడా వస్తుంది. ఒళ్లు నల్లగా, పొట్టా తోకా తుప్పు రంగులో ఉంటాయి. గోడ మీద వాలి ఆ తోకని వణికిస్తూనే ఉంటుంది. తెలుగులో దాన్ని నూనెబుడ్డిగాడు అంటారు. డిసెంబరులో పెరటి గోడ మీద కనిపిస్తుందేమో పాపని చూస్తూ ఉండమనండి. చప్పుడు మాత్రం చేయొద్దనండి, ఉలిక్కిపడి ఎగిరిపోతుంది.